శ్లాబు మేస్త్రి మణికట్టు

మా బావని అందరూ శ్లాబు మేస్త్రి అంటారు. గోడలకి పూత వేసేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు. శ్లాబు అడుగున వేసేవాళ్ళు తక్కువ. తల పైకెత్తి, తాపీతో సిమెంటు మాలు నెత్తిమీదికి విసరాలి. అది కింద పడకుండా అక్కడే అంటుకోవాలి. తరవాత చెక్క పెట్టి రుద్ది సమం చెయ్యాలి. మా బావ విసిరిన మాలు కింద పడటం నేను చూడలేదు.

నేను గోడల మనిషిని. ఇద్దరం పనిలోకి వచ్చినప్పుడు మీసాలు రాలేదు, ఇప్పుడు నెరిశాయి. తరవాత ఆయన మా అక్కని చేసుకున్నాడు. ఇన్నేళ్ళలో పంపకం మారలేదు. గోడలు నావి, శ్లాబు ఆయనది. నేను మాట్లాడను, ఆయన ఆపడు. అలా సరిపోయింది.

ఆ ఏడు ఒక పెద్ద ఇంటి పనిలో ఉన్నాం. పైగదుల శ్లాబులన్నీ అయిపోయి కింద హాలు ఒక్కటే మిగిలింది. బావ పరంజా మీదినుంచి దిగుతూ తడి గోనెల మీద కాలు వేశాడు. గోనె జారింది.

తాపీ పట్టినవాడు తాపీ వదలడు. పని నేర్చుకునే రోజుల్లో తాపీ కింద పడేస్తే పెద్దమేస్త్రి చేతిలో వీపు మోగేది. ఆ భయం ఒంట్లో ఉండిపోయింది. బావ వెల్లకిలా పడుతూ కూడా తాపీ గుప్పిట్లోనే పట్టుకున్నాడు. దానిమీద మాలు ఉంది. అది ఒలకకుండా చెయ్యి పైకి తిప్పి ఉంచాడు. మణికట్టు లోపలికి మడుచుకుని, చేతి వెనకవైపు నేలకి తగిలింది. ఒళ్ళంతా దానిమీద పడింది.

నేను పరిగెత్తుకెళ్ళాను.

"మాలు పోయిందా?" అని అడిగాడు.

"లేదు" అన్నాను.

"అయితే తీసుకో" అని తాపీ అందించబోయాడు. వేళ్ళు విచ్చుకోలేదు. అప్పుడు చూసుకున్నాడు చెయ్యి వంక.

ఆస్పత్రిలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే బొమ్మ తీయించి చూశాడు. బొటనవేలి వైపు ఉండే ముంజేతి ఎముక చివర విరిగి అరచేతి వైపు జారింది. మత్తిచ్చి లాగి కూర్చారు. మోచేతి పైదాకా పిండికట్టు వేశారు. కట్టు కట్టినతను కుర్రాడు. "తడి తగలనీయకండి, ఆరితే గట్టిపడుతుంది" అని చెప్పాడు.

బావ బయటికి వచ్చాక కట్టుని వెలుతురుకి పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవడ్రా వీడికి పని నేర్పింది? బద్ద పెట్టి చూస్తే అన్నీ ఎత్తుపల్లాలే. అంచు చూడు, ఇప్పుడే రాలుతోంది."

"ఆరితే గట్టిపడుతుందన్నాడుగా."

"ఆరితే గట్టిపడే పూత ఎక్కడైనా చూశావా నువ్వు? ఆరితే పగుల్తుంది. నీళ్ళు పట్టాలి."

మా పనిలో అది నిజం. సిమెంటు పూత వేశాక వారం పాటు నీళ్ళు కొడతాం. స్తంభాలకైతే తడి గోనె చుట్టి ఉంచుతాం. నీళ్ళు తాగిన కొద్దీ అది రాయి అవుతుంది. నాకూ బావ మాట సబబుగానే తోచింది.

రెండో రోజు నేను వెళ్ళేసరికి బావ వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చేతికి తడి గోనె చుట్టి, సుతిలి తాడుతో కట్టుకున్నాడు. పక్కన చెంబు. స్తంభానికి చేసినట్టే చేశాడు. అక్క లోపల్నుంచి వచ్చి ఎండిన చోట మరికాసిని నీళ్ళు చల్లిపోయింది. డాక్టరే చెప్పాడేమో అనుకుందట పాపం.

నాలుగు రోజులకి గోనె విప్పితే కట్టు మెత్తబడి ఉంది. వేలు పెడితే దిగింది. బావ కంగారుపడలేదు, ఆయనకి కోపం వచ్చింది.

"చూశావా? నాసిరకం సరుకు. డబ్బా తియ్యి."

డబ్బాలో తెల్ల సిమెంటు ఉంది. నేను గిన్నెలో కలిపి పట్టుకున్నాను. ఆయన ఎడమచేత్తోనే పైన ఒక పొర వేశాడు. ఎడమచేత్తో కూడా నున్నగా తేల్చాడు. అంచులు కోసినట్టు వచ్చాయి. అక్క చూసి "పెళ్ళినాటి నుంచీ నా వంటిల్లు పూయమంటే తీరిక లేదు ఈయనకి" అంది.

వారం తిరక్కుండా వేళ్ళు వాచిపోయాయి. మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళాం. డాక్టరు కట్టుని చేత్తో తట్టి చూశాడు. మళ్ళీ తట్టాడు.

"ఏంటిది?"

"తెల్ల సిమెంటు సార్. పైన ఒక పొర వేశాను" అన్నాడు బావ.

"ఎందుకు వేశారు?"

"మీ పూత నిలవలేదు సార్. నీళ్ళు పట్టినా నిలవలేదు."

పక్కనున్న నర్సమ్మ గోడ వైపు తిరిగిపోయింది. ఆమె భుజాలు కదలడం నాకు కనిపించింది. డాక్టరు మాత్రం నవ్వలేదు. కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మేస్త్రిగారూ, అది సిమెంటు కాదండీ. వేరే పొడి. తడి తగిలితే మెత్తబడిపోతుంది."

"ముందే చెప్పాల్సింది సార్."

"చెప్పాం కదండీ."

బావ నా వంక చూశాడు. నేను నేల వంక చూశాను. "ఆఁ... చెప్పారు" అన్నాడు బావ.

రంపం లాంటి మిషనుతో కోసి తీశారు. తెల్ల సిమెంటు దగ్గర మిషను గీపెట్టింది. కొత్తగా బొమ్మ తీస్తే లోపల ఎముక జారిపోయి ఉంది. ఈసారి సన్నటి తీగలు గుచ్చి కూర్చారు. అప్పటికే సగం అతుక్కోవడం మొదలైందట, మొదటంత చక్కగా కూర్చోలేదు. డాక్టరు దాచకుండా చెప్పాడు.

"ఎముక చివరి అంచు కొంచెం అరచేతి వైపు వాలి ఉంది. చెయ్యి ముందుకు బాగానే వంగుతుంది. వెనక్కి వంచడం మాత్రం పూర్తిగా రాకపోవచ్చు. వ్యాయామం చేస్తే ఎంత వస్తే అంత."

ఇంటికి వస్తూ దారి పొడుగునా బావ ఒక్క మాట మాట్లాడలేదు. నాకు భయం వేసింది. ఆయన మాట్లాడకపోవడం అదే మొదటిసారి.

శ్లాబు పనిలో చెయ్యి వెనక్కి వంగకపోతే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు. రుద్దే చెక్క పట్టుకుని అరచెయ్యి పైకి పెట్టి, పైకప్పుకి ఆనించాలి. అప్పుడు మణికట్టు పూర్తిగా వెనక్కి మడవాలి. మడవకపోతే చెక్క ఒక అంచు మీదే ఆనుతుంది. పూతలో గాట్లు పడతాయి.

ఇంటి పని చేయిస్తున్న కంట్రాక్టరు మంచివాడు. బావని చూడటానికి వచ్చి, హాలు అలాగే ఉంచుతానన్నాడు. "రంగులవాళ్ళు వచ్చేదాకా ఆగుతాను మేస్త్రీ. అప్పటికీ నీ వల్ల కాకపోతే పూత బదులు పైకప్పుకి అట్టలు బిగించే వాళ్ళని పిలుస్తాను. ఏం చెయ్యను మరి?" అన్నాడు.

"అట్టలా? నేను పూసిన ఇంట్లో అట్టలా?" అన్నాడు బావ. మాటలు మళ్ళీ వచ్చినందుకు నేను సంతోషించాను.

తీగలు తీసి కట్టు విప్పాక చూస్తే అది బావ చెయ్యిలా లేదు. సన్నగా, పొట్టు లేచి, పక్కవాళ్ళ చెయ్యి తెచ్చి అతికించినట్టుంది. మణికట్టు అసలు కదల్లేదు. వ్యాయామం చేయించే డాక్టరమ్మ దగ్గరికి పంపారు.

ఆమె గది చిన్నది. ఒక కిటికీ, ఒక బల్ల, చేతులు ముంచే వేడి మైనం తొట్టె. బల్లమీద చేతి ఎముకల బొమ్మ ఒకటి ఉంది. అన్నీ తీగతో గుచ్చి నిలబెట్టారు. ఆమెకి మా మేనకోడలి వయసుంటుంది. ముందు ఆ బొమ్మ తీసి బావ ముందు పెట్టింది.

"చూడండి పెద్దాయనా. ముంజేతిలో రెండు పొడుగు ఎముకలు. అరచేతికీ వాటికీ మధ్యలో ఇవిగో, చిన్నవి, ఎనిమిది. రెండు వరుసలు."

బావ వంగి చూశాడు. "గులకరాళ్ళలా ఉన్నాయి. మధ్యలో మాలు ఏదీ?"

"మాలు ఉండదు. నార లాంటి కట్లు పట్టి ఉంచుతాయి. అందుకే కదులుతాయి. సిమెంటు వేస్తే ఎలా కదులుతాయి చెప్పండి?"

ఆస్పత్రంతా తెలిసిపోయిందన్నమాట. బావ చెవులు ఎర్రబడ్డాయి.

"ఇక్కడ రెండు సందులున్నాయి" అంది ఆమె. "ముంజేతికీ మొదటి వరసకీ మధ్య ఒకటి. మొదటి వరసకీ రెండో వరసకీ మధ్య ఒకటి. చెయ్యి ముందుకి, వెనక్కి, బొటనవేలి వైపుకి, చిటికెనవేలి వైపుకి వంగుతుంది. అంతే. తిరగడం మణికట్టు పని కాదు."

"అదేంటమ్మా? నేను తాళం తిప్పేది దేంతో మరి?"

ఆమె ఆయన మంచి చేతిని మణికట్టుకి కాస్త పైన, రెండు ఎముకలూ కలిపి గట్టిగా పట్టుకుంది. "ఇప్పుడు తిప్పండి."

బావ తిప్పబోయాడు. చెయ్యి తిరగలేదు. పళ్ళు బిగబట్టాడు. తిరగలేదు.

"ముంజేతి ఎముకలు ఒకదానిమీదినుంచి ఒకటి దాటితేనే అరచెయ్యి తిరుగుతుంది" అంది ఆమె వదిలేస్తూ.

బావ చాలాసేపు తన చెయ్యి తనే పట్టుకుని తిప్పి చూసుకున్నాడు. తరవాత నా చెయ్యి పట్టుకుని చూశాడు. "ఒరేయ్, ఇన్నేళ్ళూ మణికట్టు మణికట్టు అని దాన్ని పొగిడాం. సగం పని ముంజెయ్యి చేసింది. దానికి ఒక్కనాడూ పేరు రాలేదు" అన్నాడు. దారిలో బస్సు కండక్టరు చెయ్యి కూడా పట్టుకుని చూపించబోయాడు. నేనే ఆపాను.

వ్యాయామాలు మొదలయ్యాయి. ముంజెయ్యి బల్లమీద పెట్టి, అరచెయ్యి అంచు నుంచి కిందికి వదిలి, పైకి ఎత్తాలి. బావ ఎత్తాడు.

"మేస్త్రిగారూ, భుజం లేస్తోంది. నాకు భుజం వద్దు."

మళ్ళీ ఎత్తాడు.

"ఇప్పుడు మోచెయ్యి. మోచెయ్యి కూడా వద్దు."

"అన్నీ వద్దంటే ఎలాగమ్మా?"

"మణికట్టు ఒక్కటే ఇవ్వండి. ఎంత ఉంటే అంతే ఇవ్వండి."

ఉన్నది చాలా కొంచెం. గోరంత. కానీ ఆమె "అదిగో, వచ్చింది" అని మా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు చూసి బావ మళ్ళీ ఎత్తాడు. నొప్పికి కళ్ళు చెమర్చాయి. ఆమె చూడనట్టు కిటికీ తలుపు సర్దింది.

ఇంట్లో చెయ్యమని ఇంకోటి చెప్పింది. రెండు అరచేతులూ గుండెల ముందు కలిపి, మోచేతులు మెల్లగా పైకి తేవాలి. పూటపూటా చేసేవాడు. అక్క ఎదురుగా కూర్చుని కూరగాయలు తరుక్కునేది.

"కాపురానికి వచ్చినప్పటినుంచీ ఒక్క దండం ఎరగను. ఇప్పుడు పూటకొకటి" అనేది.

"నీకు కాదే. చేతికి."

"ఎవరికైతేనేం. మోచేతులు ఇంకా పైకి పెట్టు."

అలా అంటూనే చన్నీళ్ళ గుడ్డ, వేణ్ణీళ్ళ గుడ్డ మారుస్తూ ఉండేది.

చెయ్యి మెల్లగా దారికి వచ్చింది. ముందుకు బాగానే వంగింది. పక్కలకి వంగింది. వెనక్కి మాత్రం కొంత దూరం వచ్చి, గోడకి తగిలినట్టు ఆగిపోయేది. బావ ఆ సంగతి పైకి అనేవాడు కాదు.

ఒకరోజు డాక్టరమ్మ అడిగింది. "పనిలో మీ చెయ్యి ఏం చేస్తుందో చెప్పండి. దానికి తగ్గట్టు చేయిస్తాను."

"మాలు కొడుతుందమ్మా."

"ఎలా?"

బావ ఎంత మాటకారి అయినా అది చెప్పలేకపోయాడు. చేసేవాడికి అది మాటల్లోకి రాదు. "మా బామ్మర్ది చూపిస్తాడు" అని నన్ను ముందుకు తోశాడు.

నేను లేచి ఉత్తచేత్తో విసిరాను. లేని తాపీ, లేని మాలు. ఆమె నా పక్కన నిలబడి చూసింది. మెల్లగా చెయ్యమంది. మళ్ళీ చేశాను. ముందు చెయ్యి వెనక్కీ బొటనవేలి వైపుకీ పోతుంది. అక్కణ్ణుంచి ముందుకీ చిటికెనవేలి వైపుకీ విసురుగా వస్తుంది. ఏటవాలు దారి. చేస్తూ ఉంటే నాకే మొదటిసారి తెలిసింది.

"ఇది మంచి వార్త" అంది ఆమె. "మీకు బిగిసింది మొదటి సందు. ఈ ఏటవాలు విసురు ఎక్కువగా రెండో సందులో జరుగుతుంది. వరసకీ వరసకీ మధ్య. అది మీకు బాగానే ఉంది. విసరగలుగుతారు."

బావ ముఖం వెలిగింది. "అయితే శ్లాబు?"

ఆమె కొలత పెట్టే ప్లాస్టిక్ బద్ద తీసి, చెయ్యి వెనక్కి వంచి చూసి, బద్ద పక్కన పెట్టింది.

"పెద్దాయనా, మీకు అబద్ధం చెప్పలేను. అరచెయ్యి పైకప్పుకి ఆనించేంత వంపు ఇంకా రాలేదు. ఇంత చేశాక ఇకముందు పెద్దగా పెరుగుతుందని నేను అనుకోవడం లేదు."

"మీరు అనుకోకండి. నేను అనుకుంటాను" అన్నాడు బావ. గొంతు మామూలుగానే ఉంది. లేవబోతూ కుర్చీ కాలికి తట్టుకున్నాడు.

రంగులవాళ్ళు వచ్చే రోజులు దగ్గరపడ్డాయి. ఒక ఉదయం బావ తాపీ సంచి భుజాన వేసుకుని మా గుమ్మం ముందు నిలబడ్డాడు. "పద" అన్నాడు.

హాల్లో పరంజా కట్టే ఉంది. అన్నాళ్ళూ విప్పలేదు. పైకప్పు బూడిదరంగులో, పూత పట్టడానికి గాట్లు పెట్టి సిద్ధంగా ఉంది. ముందు వాకిలి పక్క గోడ మీద కాస్త చోటు మిగిలి ఉంటే బావ అక్కడ మొదలుపెట్టాడు. తాపీ నిండా మాలు తీసి విసిరాడు. చప్ మని అంటుకుంది. మళ్ళీ విసిరాడు. మొదటి మాలు పక్కనే, అంచు అంచుకి తగిలేలా. కంట్రాక్టరు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. "శ్లాబు మేస్త్రి వచ్చాడోయ్" అని పైకి కేకేశాడు. బావ నవ్వాడు. నాకూ గుండె తేలికపడింది.

కంట్రాక్టరు మేడపైకి వెళ్ళాక బావ పరంజా ఎక్కాడు.

నెత్తిమీదికి విసిరాడు. అంటుకుంది. ఒక్క చుక్క రాలలేదు. ఇంకా విసిరాడు. తల దాచుకునేంత మేర నింపాడు. తరవాత రుద్దే చెక్క తీసుకుని పైకి పెట్టాడు.

చెక్క వెనక అంచు ఆనింది. ముందు అంచు వేలెడు ఎడంగా ఉండిపోయింది. బావ మోచెయ్యి పైకెత్తి చూశాడు. భుజం ఎత్తాడు. మునివేళ్ళ మీద లేచి, ఒళ్ళంతా వెనక్కి వంచి చూశాడు. చెక్క లాగితే పూతలో నెలవంక లాంటి గాటు పడింది. దాన్ని సర్దబోతే ఇంకోటి పడింది. ఎడమచేత్తో ప్రయత్నించాడు. చేతి మీది చిన్న కట్టు పూయడం వేరు, నెత్తిమీద హాలు వేరు. ఎడమచెయ్యి అంత బరువు మొయ్యలేక వణికింది.

నేను కింద నిలబడి ఉన్నాను.

బావ వేసిందంతా తాపీతో గీకి తీసేశాడు. కిందికి దిగి, తడి గోనెల పక్కనున్న ఇటుకల మీద కూర్చున్నాడు. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని చూసుకున్నాడు.

"డాక్టరమ్మ అబద్ధం చెప్పలేదురా" అన్నాడు.

నేను పక్కన కూర్చున్నాను.

"అట్టలవాళ్ళని పిలవమను" అన్నాడు మళ్ళీ.

పైన కంట్రాక్టరు అడుగుల చప్పుడు వినిపిస్తోంది. నేను లేచి రుద్దే చెక్క చేతిలోకి తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో నాకే తెలీదు. ఊరికే అరచెయ్యి పైకి పెట్టి మణికట్టు వెనక్కి మడిచాను. పూర్తిగా మడుచుకుంది. చెక్క పళ్ళెంలా నిలబడింది.

బావ అది చూశాడు.

"ఎక్కు" అన్నాడు.

"నాకు రాదు బావా."

"నాకు వచ్చుగా. నా దగ్గర పని ఉంది, నీ దగ్గర మణికట్టు ఉంది. రెండూ ఒక మనిషిలో ఉండాలని ఎవడన్నాడు?"

"మాలు నేను విసిరితే నిలవదు."

"విసరడం నేను విసురుతాను. నువ్వు పక్కన నిలబడి రుద్దు. ఎక్కు ముందు."

ఇద్దరం పరంజా ఎక్కాం. పలక ఇద్దరి బరువుకి కిందికి వంగింది. బావ విసిరాడు, నేను చెక్క పెట్టాను. ఎక్కువ నొక్కాను. పెళ్ళ మొత్తం ఊడి నా ముఖం మీద పడింది. కళ్ళు, ముక్కు, మీసాలు అన్నీ నిండిపోయాయి.

బావ నవ్వడం మొదలుపెట్టాడు. ఆగలేదు. పరంజా కర్ర పట్టుకుని నవ్వాడు. "మీ అక్కకి చూపించాలిరా నిన్ను. అద్దంలో చూసుకుంటే నువ్వు కూడా మాట్లాడతావు" అన్నాడు. నవ్వుతూ నవ్వుతూ భుజం మీది తువాలుతో నా కళ్ళు తుడిచాడు. తరవాత తన కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకోవడం కాస్త ఎక్కువసేపే పట్టింది.

"నొక్కకు" అన్నాడు. "గోడ అయితే నీ నొక్కుడికి ఊరుకుంటుంది. ఇది ఊరుకోదు. ఆనించు, ఊరికే ఆనించు. బరువు దాన్నే మొయ్యనీ. మోచెయ్యి దించు. భుజం వద్దు. భుజం వద్దంటుంటే!"

"నువ్వూ డాక్టరమ్మలా తయారయ్యావు" అన్నాను.

"ఎంతిచ్చినా తక్కువే ఆ పిల్లకి" అని మళ్ళీ విసిరాడు.

నేను ఆనించాను. బావ ఎడమచెయ్యి నా మణికట్టు కింద పెట్టి మెల్లగా తిప్పాడు. చెక్క గుండ్రంగా తిరిగింది. తీసి చూస్తే పూత అక్కడే ఉంది. అరచెయ్యంత మేర నున్నగా వచ్చింది.

కంట్రాక్టరు మెట్లు దిగి వచ్చి తల పైకెత్తాడు. "ఇదేంటి మేస్త్రీ, ఇద్దరెక్కారు?"

"శ్లాబుకి ఇద్దరు మేస్త్రీలయ్యా ఇక" అన్నాడు బావ కిందికి చూడకుండా. "అట్టలవాళ్ళని రావద్దను. మాలు కలపమను, పలచనవుతోంది."

హాలు పూర్తవడానికి మామూలుకంటే చాలా ఎక్కువ రోజులు పట్టింది. మూలల్లో నా చెయ్యి పడిన చోట్లు ఇప్పటికీ గుర్తుపట్టగలను. బావ మాత్రం టీకొట్టు పందిరి కింద ఎవరు కలిసినా ఆ హాలు గురించి చెబుతాడు. ఏది ఎవరు చేశామో మాత్రం చెప్పడు.